మంచం పట్టిన మనిషికి మొదటి పడవ

మద్రాసు నుంచి వచ్చిన మూడు పెట్టెలను వడ్రంగి బల్ల మీద వరసగా పెట్టుకుని మూడు రోజులు చూశాను. మూడింటిలోనూ కొయ్య ముక్కలే. వాటిని జాగ్రత్తగా అతికిస్తే ఒక్కో పెట్టెలోంచి ఒక్కో బొమ్మ స్పీడు బోటు తయారవుతుందట. నేను అప్పటికి స్పీడు బోటును చూసినవాణ్ణి కాను. ఆ మాటకొస్తే మామూలు పడవనే దగ్గరగా చూడలేదు. మా దిక్కున పెన్నలో ఏడాదికి పది నెలలు ఇసుకే పారుతుంది.

అలాంటి నేను, క్షయ ఆసుపత్రిలో మంచం పట్టిన మనిషికి ఆ మూడింట్లో ఏది ఇవ్వాలో తేల్చాలి. మొదటిసారి తప్పుగా తేల్చాను. రెండోసారి సరిగ్గా తేల్చి, ఇంకో తప్పు చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. రోగులకు చేతిపని నేర్పడానికి వాళ్ళకు పుస్తకాలున్నాయి, పరీక్షలున్నాయి. ఆ పుస్తకాల్లో ఉండనిది రెండు మాటలు చెబుదామని కూర్చున్నాను. నేను చదివింది మూడో తరగతి. మాటలు నావి, కొమ్ములూ దీర్ఘాలూ మా చెల్లెలి కూతురు దిద్దింది.

ఉద్యోగం అసలు ఏమిటి

మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. మా నాయన బండిచక్రాలు చేసేవాడు. ఆయన దగ్గరే నేను ఉలి పట్టడం నేర్చుకున్నాను. ఆయన పోయాక, కడపకు కొంత దూరంలో గుట్టల కింద ఉన్న ఒక చిన్న క్షయ ఆసుపత్రిలో వడ్రంగిగా కుదిరాను. పేరు ఎందుకు గానీ, నలభై మంచాలు, ఒక బావి, చుట్టూ ముళ్ళకంచె. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. విరిగిన మంచంకోళ్ళు, తలుపు గడియలు బాగుచేయడం నా పని. తర్వాత డాక్టరమ్మ నన్ను ఇంకో పనికి మార్చింది.

ఆమె గుంటూరు దిక్కు మనిషి. ఆమె బాధ ఏమిటంటే, రోగులు పారిపోతున్నారు. క్షయకు సూదిమందు అప్పటికే వచ్చింది. కానీ మందుతో పాటు నెలల తరబడి కదలకుండా పడుకోవాలి. మూడు నెలలకు జ్వరం తగ్గుతుంది, అన్నం సయిస్తుంది, దగ్గు నెమ్మదిస్తుంది. మనిషి అనుకుంటాడు, బాగైపోయాను అని. మూట కట్టుకుని కంచె దాటుతాడు. ఆరు నెలలకు అదే మనిషిని ఎద్దులబండిలో పడుకోబెట్టి తెస్తారు. ఈసారి సూదిమందు పని చేయదు.

"చేతిలో సగం పని ఉన్న మనిషి లేచి వెళ్ళడు, ఆచారీ" అనేది డాక్టరమ్మ. "ఏదో ఒకటి మొదలు పెట్టించండి. అది పూర్తయ్యేలోపు నేను నా పని చేసుకుంటాను."

అదీ ఉద్యోగం. బొమ్మలు చేయించడం కాదు. పడుకున్న మనిషిని ఇంకొక్క రోజు పడుకోబెట్టడం. బుట్టలు అల్లించాను, దారపు సంచులు కట్టించాను. ఆడవాళ్ళకు అవి సరిపోయాయి. మగవాళ్ళు రెండు రోజులు అల్లి పక్కన పారేసేవాళ్ళు. అందుకని డాక్టరమ్మ మద్రాసులో ఒక బొమ్మల అంగడికి రాసి, ఆ మూడు పెట్టెలు తెప్పించింది.

ఈ ఉద్యోగంలో ఒంటరితనం ఉంటుందని మీకెవరూ చెప్పి ఉండరు. నేను ఆసుపత్రిలో కుదిరాక మా ఊళ్ళో నాతో తలుపులు చేయించుకోవడం మానేశారు. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు, కాదనను. బంతిలో కూర్చుంటే నా పక్క విస్తరి మాత్రం ఖాళీగా ఉండేది. వడ్డించే అతను దూరం నుంచి గరిట చాచేవాడు. రెండు సంబంధాలు వచ్చి వెనక్కు పోయాయి, మూడోది రాలేదు. పనిముట్ల గది పక్కనే నా మంచం వేసుకున్నాను. సాయంత్రం రోగులకు గంజి ఇచ్చాక ఆ ఆవరణలో మాట వినపడేది కాదు, దగ్గు తప్ప. ఏ దగ్గు ఎవరిదో చెప్పగలిగేవాణ్ణి.

మూడు పెట్టెలు

మొదటి పెట్టె పెద్దది. మూత మీద ఎర్రటి పడవ, నీళ్ళను చీల్చుకుని పోతున్నట్టు బొమ్మ. లోపల చేప ఎముకల్లాంటి పక్కటెముకలు, వాటి మీద వంచి అతికించడానికి అగ్గిపుల్ల మందం సన్నబద్దలు, ఇరవైకి పైగా. అడుగు గుండ్రంగా వస్తుంది. చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

రెండో పెట్టెలో ఒక్కటే దిమ్మె. పడవ ఆకారానికి మొరటుగా చెక్కి పంపించారు. మిగతాది మనం ఉలితో తొలుచుకోవాలి.

మూడో దాని మూత మీద బొమ్మ కూడా సరిగా లేదు. లోపల పలుచటి ప్లైవుడ్డు ముక్కలు. రెండు పక్కలు, ఒక చదును అడుగు, నాలుగు అడ్డాలు, పైకప్పు. వెనకాల తిరిగే చిన్న రేకు, దాన్ని తిప్పడానికి రబ్బరు తాడు. తాడును మెలిపెట్టి వదిలితే రేకు తిరిగి పడవ పరుగెత్తుతుంది. దువ్వెనల పెట్టె మాదిరి, ఏ అందమూ లేదు.

దిమ్మెను వెంటనే పక్కన పెట్టాను. ఉలి నెట్టాలంటే రొమ్ము బలం కావాలి, రోగికి లేనిదే అది. పైగా పొట్టు లేస్తుంది. ఆ మాత్రం నాకు తెలిసింది. మిగిలిన రెండింట్లో నేను మూత బొమ్మను చూసి మోసపోయాను.

గుమాస్తా

మొదటి పెట్టెను ఒక తాలూకా కచేరి గుమాస్తాకు ఇచ్చాను. ముత్యాల్లాంటి చేతిరాత ఆయనది. అంత నాజూకు చేతికి అంత నాజూకు పని ఇవ్వాలనుకున్నాను. పనివాడు చేసే పొరపాటే ఇది: మనకు ఏది చేయాలని ఉందో అదే ఎదుటివాడికి ఇస్తాం. ఆ గుండ్రటి పడవ నాకు చేయాలని ఉండేది.

ఒక్కో బద్దను ఆవిరి పట్టి, వంచి, గుండుసూదులతో నిలిపి, ఆరేదాకా ఆగాలి. పక్షం రోజులైనా అది పడవలా కనపడలేదు; ఎండిన కోడి ఎముకల గూడులా ఉంది. నాలుగు బద్దలు విరిగాయి. తొమ్మిదో బద్ద దగ్గర ఆయన ఆ గూడును మంచం కిందికి తోసేశాడు.

"ఆచారీ, నా ఒళ్ళూ ఇంతే, నా పనీ ఇంతే" అన్నాడు. "రెండూ అయ్యేవి కావు."

ఆ శుక్రవారమే కంచె దాటిపోయాడు. ఐదు నెలలకు తిరిగి వచ్చాడు. పది రోజులే బతికాడు.

ఆ ఎముకల గూడును నేనే పొయ్యిలో పెట్టాను. అప్పుడు కూర్చుని ఆలోచించుకున్నాను, మొదటి పడవ ఎలాంటిదై ఉండాలి అని. అడుగు చదునుగా, పక్కలు తిన్నగా ఉండాలి. మొదటి రోజే రెండు ముక్కలు అతుక్కుని, సాయంత్రానికి పక్క మంచం అతనికి చూపించుకునేలా ఉండాలి. రొమ్ము మీద పెట్టుకునే పలక మీద పట్టాలి. గీసిన బొమ్మలు చూస్తే చదువురాని వాడికీ తెలియాలి. గరుకు కాగితం పెట్టి రుద్దే పని ఉండకూడదు, ఆ పొట్టు ఊపిరితిత్తులకు విషం. గాజుపెంకుతో గీకితే చాలు, చెక్క నున్నబడుతుంది, పొట్టు గాల్లోకి లేవదు. అన్నిటికంటే ముఖ్యం, ఎన్నాళ్ళు పడుతుందో చూసుకోవాలి. వారంలో అయిపోతే మనిషి పోతాడు. ఎన్నటికీ కాదనిపించినా పోతాడు.

అందం సంగతి రెండో పడవకు చూసుకోవచ్చు. రెండో పడవ కట్టేదాకా మనిషి బతికి ఉంటే.

ఓబన్న

ఓబన్న రాజంపేట దిక్కు రైతు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెట్టసేద్యం, రెండెడ్లు. పెళ్ళాం లేదు. అమ్మానాయన చిన్నప్పుడే పోతే అక్క లింగమ్మ పెంచింది. ఆమె మొగుడు పోయి పుట్టింటికే వచ్చేసి, తమ్ముడితో పాటు గొర్రు తోలేది. నెలకొకసారి బస్సెక్కి ఆసుపత్రికి వచ్చేది. చూడవచ్చినవాళ్ళు దాటకుండా వసారాకు అడ్డంగా ఒక తాడు కట్టి ఉండేది. ఆ తాడు అవతల నిలబడి జొన్నరొట్టెలు, శెనిక్కాయల పొడి నా చేతికిచ్చి, లోపలికి కేకేసేది.

"ఒరేయ్ ఓబా! పండుకోనుండావా, తిరగతాండావా? లేచినావని తెలిసిందో, కాళ్ళు ఇరగ్గొట్టి పండుకోబెడ్తా!"

"కాళ్ళు ఇరిగినా ఈడనే గదక్కా పండుకునేది!" అని లోపల్నుంచి అతను.

వార్డంతా నవ్వేది. నవ్వితే దగ్గొస్తుందని నర్సు తిట్టేది.

మూడో పెట్టెను ఓబన్నకు ఇచ్చాను. మూత తీసి, తిరిగే రేకును వేలితో తిప్పి చూశాడు.

"ఏందప్పా ఇది?"

"స్పీడు బోటు. నీళ్ళలో పరుగెత్తే పడవ."

"యాడ ఇడుస్తావు దీన్ని? పెన్నలోనా?" అన్నాడు. "దానికి గూడా ఎడ్లు కట్టల్ల మల్ల!"

అయినా ఆ సాయంత్రానికి రెండు పక్కలూ ముక్కు దగ్గర అతికించాడు. పక్క మంచం ముసలాయనకు చూపించాడు. ఆయన "గోరంత దోనె మాదిరి ఉండాదే" అన్నాడు. ఓబన్న పలకను రొమ్ము మీదనుంచి దింపలేదు. నాకు తెలిసిపోయింది, ఈసారి పెట్టె సరిగ్గా కుదిరిందని.

ఒక చిక్కు వచ్చింది. పెట్టెలో వచ్చిన గొట్టం బంక దారిలోనే ఎండకు గట్టిపడింది. నేను మా వడ్రంగుల వజ్రం కాచి ఇచ్చాను. వజ్రం అంటే రత్నం కాదు. పశువుల తోలూ ఎముకలూ ఉడికించి చేసే బంక. పలకలుగా అమ్ముతారు, నీళ్ళలో నానేసి వేడి చేస్తే కరుగుతుంది. ఆరితే రాయిలా పట్టుకుంటుంది. లోపలా బయటా రెండు పూతల రంగు వేస్తే తడి తగలదు కదా అనుకున్నాను.

అక్కడిదాకా అంతా బాగుంది. ఆ తర్వాత లింగమ్మ రావడం ఆగిపోయింది.

ఒక నెల రాలేదు. రెండో నెలా రాలేదు. నేనే కార్డు ముక్క రాసి వేశాను. జవాబు వచ్చింది: బాగున్నాము, పనుల వల్ల రాలేకపోయాము, ఓబన్న పడుకునే ఉండవలెను. చదివి వినిపించాను. ఓబన్న కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మా యక్కకు రాసేది రాదు. ఎవురితోనో రాయించింది" అన్నాడు. "బాగుంటే వచ్చేది గదప్పా. రాయించేదెందుకు?"

నేను కార్డు తీసుకుని అతని దిండు కింద పెట్టాను.

"ఒకసారి పోయి చూసొస్తా. రెండు దినాలు."

"డాక్టరమ్మ ఒప్పుకోదు, ఓబన్నా."

"ఒప్పుకోదని తెలుసు. అందుకే నీకు చెప్తాండా." పడవను పలక మీదికి లాక్కున్నాడు. "సరే, ఒక మాట ఇస్తా. పట్టిన పని సగంలో ఇడిసిపెట్టి పోయినానని మా యక్కకు తెలిస్తే వాకిట్లోకి రానియ్యదు. ఈ పడవ నీళ్ళలో తేలిన దినం పోతా. అంతవరకు కదల్ను. తేలినాంక మాత్రం నన్ను ఆపద్దు."

అప్పటికి పని మూడొంతులు అయింది.

డాక్టరమ్మ

సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ఎక్స్‌రే ఫొటోను కిటికీ వెలుగుకు పట్టుకుని చూపించింది.

"ఈ మచ్చ చూడండి. మానుతోంది, మానలేదు. బస్సులు రెండు మారి, ఎండలో నడిచి, అక్క జబ్బుగా ఉంటే సేద్యం నెత్తినేసుకుని... ఇక తిరిగి వస్తాడా? గుమాస్తా వచ్చినట్టు వస్తాడు. నాకు ఇంకా మూడు నెలలు కావాలి, ఆచారీ. ఎలా ఆపుతారో మీ ఇష్టం."

ఆమె మంచి డాక్టరు. నాకు ఉద్యోగం నేర్పిందీ ఆమే. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అయినా నిజం చెప్పాలి. పైవాళ్ళు "మీ ఇష్టం" అన్నారంటే బరువు మన తలకెత్తి వాళ్ళు చేతులు దులుపుకున్నట్టు. ఆ పొద్దు నేను, "అమ్మా, మనిషిని పంపించి వాళ్ళక్క ఎట్లుందో కనుక్కుందాం" అని ఒక్క మాట అనాల్సింది. రాజంపేట ఏమీ కాశీ కాదు. నేనే పోయి రావచ్చు. తోచలేదు. నిజానికి తోచింది. పోయి చూస్తే ఏం తెలుస్తుందో అని భయపడ్డాను. తెలిస్తే అతనికి చెప్పాలి కదా.

పని నెమ్మదింపజేయాలని చూశాను. వజ్రం కాచడం ఆలస్యం చేశాను. గాజుపెంకు కనపడలేదన్నాను. ఓబన్న ఇంకా తొందరపడ్డాడు. మే నెల ఎండలు ముదిరేసరికి పడవ తయారైంది. ఇక రంగు వేయడమే.

నానబెట్టడం

ఆ ఎండలకు కొయ్య ముడుచుకుపోయింది. అడుగుకూ పక్కలకూ మధ్య గోరు దూరేంత సందు పడింది. ఓబన్న పడవను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"వదులైంది. బండి చక్రం మాదిరి."

"ఊఁ" అన్నాను.

"ఎండకు చక్రం వదులైతే ఏం చేస్తాం? కుంటలో ఏస్తాం. కొయ్య ఉబ్బి, చక్రం నడుమ ఆకులన్నీ బిగుసుకుంటాయి. దీన్ని గూడా ఒక రాత్రి నానబెట్టి, ఆరినాంక రంగేస్తే సరిపోదా?" నా ముఖంలోకి చూశాడు. "నువ్వు చక్రాలు చేసే ఇంట్లో పుట్టినోడివి. చెప్పు, నానబెడ్దామా?"

మా సీమలో ఏ రైతైనా ఆ మాటే అంటాడు. కానీ చక్రంలో బంక ఉండదు. కొయ్యలోకి కొయ్యను బిగించడమే. మా నాయన జన్మలో చక్రానికి చుక్క వజ్రం వాడలేదు. ఈ పడవ నిలిచిందే వజ్రం మీద. రంగు లేకుండా నీళ్ళలో వేస్తే తెల్లారేసరికి ఏమవుతుందో, ఉలి పట్టిన పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. ఓబన్నకు తెలియదు.

ఆ సందు పూడ్చి రంగు వేసి ఉంటే ఎల్లుండి పడవ తేలేది. ఆవలెల్లుండి అతను బస్సెక్కేవాడు.

"నానబెట్టు" అన్నాను. "మంచిదే."

నేనే సత్తు బేసిన్ తెచ్చి నీళ్ళు పోసి మంచం పక్కన పెట్టాను.

పొద్దున పోయేసరికి ఓబన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. బేసిన్‌లో అడుగుచెక్క ఒక పక్క, పైకప్పు ఒక పక్క తేలుతున్నాయి. ప్లైవుడ్డు పొరలు పొరలుగా విడిపోయి నానిన అప్పడాల్లా వేలాడుతున్నాయి. నీళ్ళు బెల్లంపాకం రంగుకు మారాయి.

"చక్రానికి కానిది దీనికెందుకాయప్పా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది.

"మద్రాసు కొయ్య. మన కొయ్య మాదిరి కాదు" అన్నాను.

నానబెట్టమన్నది ఒక అబద్ధమైతే ఇది రెండోది. మొదటిది అతని ప్రాణం కోసం ఆడానని చెప్పుకోవచ్చు. రెండోది నా కోసం ఆడాను.

అతను తడి ముక్కలను ఒక్కొక్కటే తీసి పలక మీద పేర్చాడు. నేను బేసిన్ ఎత్తి నీళ్ళు బయట పారబోసి వచ్చాను. మూట కట్టుకుంటాడా?

"ఇచ్చిన మాట ఇచ్చిందే" అన్నాడు చివరికి. "మల్ల కడ్తా. చెక్క దేప్పా."

పడవ విడిపోయిందని చెబితే డాక్టరమ్మ, ఎలా విడిపోయిందో అడగకుండానే, "మంచి పని జరిగింది" అంది.

రెండోసారి కట్టడం

టీ ఆకు వచ్చే పెట్టెల పలుచటి చెక్క కోసి ముక్కలు తయారు చేసి ఇచ్చాను. డాక్టరమ్మ మంచాలు అడగడానికి కర్నూలు పోయి, గుడారాల్లో ఉన్న ఆఫీసుల చుట్టూ తిరిగి, మంచాలు దొరక్క, తడికి కరగని బంక ఒక డబ్బా మాత్రం తెచ్చింది. ఓబన్న ఈసారి తొందరపడలేదు. కిటికీలోంచి మబ్బు చూసి, "ఇత్తనం పడే టయిము" అనేవాడు. అక్క పేరు ఎత్తేవాడు కాదు.

తొలకరి అయ్యాక వాళ్ళ ఊరి మనిషి ఒకాయన వచ్చాడు. తాడు అవతల తలపాగా తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన నోరు తెరవకముందే ఓబన్నకు అర్థమైంది.

"ఎప్పుడన్నా?"

"ఇత్తనాలకు ముందేరా. కడుపులో గడ్డ. ఉగాదినాడే మంచాన పడె. నీకు చెప్పద్దని ఊరందరి దగ్గరా మాట తీసుకుండె. తెలిస్తే లేచొస్తాడు, వానికి తిరగబెడ్తాది అని."

"మట్టి ఎవురు పోసిరి?"

"మేమే పోస్తిమి."

ఏ రోజు పోయిందో ఓబన్న అడిగాడు. ఆయన అమావాస్య నుంచి లెక్క కట్టి రోజు చెప్పాడు. ఓబన్న వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నేనూ నా మనసులో లెక్కపెట్టాను. పడవ నీళ్ళలో విడిపోయిన పొద్దు నుంచి పద్దెనిమిదో రోజు.

ఆ మనిషి పోయాక ఓబన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నేను పోతే, "గాజుపెంకు ఇయ్యన్నా" అన్నాడు. ఇక పోవలసిన చోటు లేనివాడి పని అది. తీరిగ్గా, నున్నగా చేశాడు. అంత నున్నటి పడవ నేను ఈ ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు.

శ్రావణంలో బావి దగ్గర సిమెంటు తొట్టిలో వదిలాం. నడవగలిగిన రోగులందరూ చుట్టూ చేరారు. ఓబన్న రబ్బరు మెలితిప్పి వదిలాడు. తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు బాణంలా పోయి గోడకు కొట్టుకుంది. అందరూ కేకలు పెట్టారు. అతను చేతులు తుడుచుకుని, "తేలింది" అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఎక్స్‌రేలో మచ్చ మానింది. డాక్టరమ్మ తనే ఇంటికి పొమ్మని రాసిచ్చింది.

చెప్పాను

పోయే పొద్దు మూట నేనే పట్టుకుని గేటు దాకా నడిచాను. చెప్పకుండా ఉండొచ్చు. అతనికి ఎన్నటికీ తెలిసేది కాదు. కానీ ఆ మూడు నెలల్లో అతను నన్ను "అన్నా" అనడం మొదలుపెట్టాడు. మా చెల్లెలు కాక లోకంలో నన్ను అలా పిలిచిన మనిషి ఇంకొకడు లేడు. ఆ పిలుపు మోయలేకపోయాను.

"ఓబన్నా, ఆ వజ్రం నీళ్ళలో కరుగుతాదని నాకు ముందే తెలుసు."

అతను ఆగాడు. "ఎప్పుడు తెలుసు?"

"నువ్వు నానబెడ్దామా అని అడిగిన పొద్దే."

"అప్పుటికి మా యక్క బతికుండె."

"ఉండె."

"పోయింటే చూసుందును."

"చూసుందువు. నువ్వు గూడా సచ్చిపోతావని డాక్టరమ్మ చెప్పింది. అందుకని..."

"ఆయమ్మ చెప్పింది నీకు. నువ్వు నాకు చెప్పినావా?" గొంతు పెంచలేదు. "మచ్చ ఇట్లుండాది, బంక ఇట్లుండాది, పోతే ఇది, ఉంటే ఇది, ఏం చేస్తావురా ఓబా అని నన్నడిగింటే... ఏమో, ఉండిపోదునేమో. అక్క గూడా అదే చెప్పుండు. కానీ అది నేను ఎంచుకుందును గదా."

నా చేతిలోంచి మూట తీసుకున్నాడు. పోయొస్తా అనలేదు.

పిల్లలూ, ఏ పెట్టె ఇవ్వాలో పైన చెప్పాను. అది సులువు, నాలుగు తప్పులు చేస్తే మీకే వస్తుంది. మనిషి ప్రాణాన్ని పడవకు కట్టేటప్పుడు మాత్రం ఆ మనిషిని ముందు అడగండి. నేను చేసింది తప్పా ఒప్పా అని ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. మళ్ళీ అదే పొద్దు వస్తే నిజం చెబుతాననే అనుకుంటాను. చెబితే అతను బస్సెక్కి ఉండేవాడేమో కూడా అనుకుంటాను. రెండూ ఒక చోట కుదరవు.

తర్వాత ఏడెనిమిదేళ్ళకు కడప బస్టాండులో అతన్ని చూశాను. ముందు గుర్తుపట్టలేదు, అంత ఒళ్ళు చేశాడు. భుజం మీద ఎరువు మూట. నన్ను చూశాడు. చూశాడని నాకు తెలుసు. నేను చెయ్యెత్తబోయేలోపు ముఖం అటు తిప్పుకున్నాడు. అంతలో రాజంపేట బస్సు కదిలింది. అతను మూటతోనే పరుగందుకున్నాడు. జనాన్ని తోసుకుంటూ, దుమ్ములో, బస్టాండు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుగెత్తి, కమ్మీ పట్టుకుని ఎగిరి ఎక్కాడు. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. దగ్గు వినపడలేదు.